మంత్రసానమ్మ ఎత్తుకున్నవాళ్ళు

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు మంత్రసానమ్మ గడియారాల మేస్త్రి ఇంట్లో, రెండో అంతస్తులో, మేస్త్రి భార్య నడుముకు వేడినీళ్ళ కాపడం పెడుతోంది. తొలిచూలు. పైగా బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. ఈ స్థితిలో తల్లిని మంచం మీంచి కదపకూడదు.

"భయపడకు తల్లీ. దేవుడున్నాడు, ఆయన రావడం ఆలస్యమైతే నేనున్నాను."

ఆ వీధిలో సగం మందికి ఆమే పురుడు పోసింది. ఆమె చేతుల్లో పుట్టిన మనిషి ఎంత పెద్దవాడైనా, ఆమె ఎత్తుకుంటే పుట్టిననాటి బరువే ఉంటాడు. అదేం వింత కాదక్కడ. తాపీమేస్త్రి కాలు విరిగితే ఆసుపత్రికి చంకనేసుకుని తీసుకెళ్ళింది. పోస్టుమాన్ తాగి పడిపోయినప్పుడల్లా అతని భార్య ఆమెకే కబురు పెట్టేది.

కింద బూట్ల చప్పుడైంది. ఊరు ఊరివాళ్ళకే అంటూ ఆ ఏడాది బూడిదరంగు చొక్కాల గుంపొకటి బయల్దేరింది. గడియారాల మేస్త్రి తాత ఎక్కడినుంచో వచ్చినవాడట. అందుకని ఇల్లు ఖాళీ చెయ్యమని పొద్దున బెదిరించి పోయారు. ఇప్పుడు మనుషుల్నీ సామానునీ వీధిలోకి ఈడ్చడానికి మెట్లెక్కుతున్నారు.

మంత్రసానమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. లోపలినుంచి గడియారాల మేస్త్రి తలుపు గడియ పెట్టుకున్నాడు. అందరికంటే ముందు, గునపం పట్టుకుని, ఆమె సొంత మనవడు.

"నాయనమ్మా! నువ్విక్కడేంటి?"

"నా పని నేను చేస్తున్నా. నీకేం పనిరా ఇక్కడ?"

"పక్కకి జరుగు. ఇది ఊరి సంగతి."

"లోపల పురుడు జరుగుతోందిరా."

వెనకనుంచి ఎవడో నవ్వాడు. "ఏరా, ముసలమ్మకే జడిశావా?"

మనవడి చెవులెర్రబడ్డాయి. గునపం తలుపు సందులో దూర్చాడు.

ఆమె వాడి చంకల కింద చేతులేసి ఎత్తేసింది. నెలలు నిండకుండా పుట్టినవాడేమో, పిచ్చుకంత కూడా లేడు. గునపం మెట్లమీదుగా గణగణా దొర్లిపోయింది. "దించవే, పరువు పోతోంది!" అని కాళ్ళు కొట్టుకున్నాడు. కొట్టుకుని కొట్టుకుని ఆమె మెడవంపులో మొహం దాచుకున్నాడు.

వీధి చివర ఇస్త్రీ చేసుకుంటున్న వాడి తల్లి అరుపులు విని, గుంపును తోసుకుంటూ పైకి పరిగెత్తుకొచ్చింది. "ఇలా ఇవ్వండత్తయ్యా" అని చేతులు చాపింది. ఆమె చేతుల్లోంచి అందుకున్నవాళ్ళకీ అంతే బరువు. కోడలి వెనక రొట్టెలమ్మే ఆవిడ, పోస్టుమాన్ భార్య, పంతులమ్మ, అలా మెట్ల పొడుగునా ఆడవాళ్ళు నిలబడిపోయారు. గుంపులో కుర్రాళ్ళూ ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. మంత్రసానమ్మ ఒక్కొక్కణ్ణే ఎత్తి అందిస్తుంటే చేతులు మారుతూ కిందికి దిగిపోయారు.

"వీడు మావాడే, ఇటు తే."

"అమ్మో, వీడికంటే వీడి బూట్లే బరువు!"

"ఊఁ ఊఁ, ఏడవకు, ఇంటికెళ్ళిపోదాం."

చివరికి నాయకుడొక్కడే మిగిలాడు. పరాయి ఊళ్ళో పుట్టినవాడు. ఎత్తబోతే కదల్లేదు సరికదా, ఆమెకే నడుం పట్టేసింది. అతను నవ్వి, వెనక్కి చూడకుండానే "రండిరా" అన్నాడు. ఎవరూ రాలేదు. తిరిగి చూస్తే మెట్ల నిండా ఆడవాళ్ళు. ఎవరూ తప్పుకోలేదు. గోడకు ఒళ్ళు రాసుకుంటూ, ఒక్కొక్కరి కళ్ళముందునుంచీ ఒదిగి ఒదిగి దిగిపోయాడు.

"అమ్మా, కాళ్ళు కనిపిస్తున్నాయి!" లోపలినుంచి గడియారాల మేస్త్రి కేక. ఆమె నడుం పట్టుకునే పరిగెత్తింది. దీపాలవేళకి ఆడపిల్ల కేరుమంది. తల్లీ పిల్లా క్షేమం.

మర్నాడు పొద్దున్నే వీధిలో గుంపు కవాతు ఈల మోగింది. మనవడు లేచి కూచున్నాడు. బూడిదరంగు చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. వెళ్ళమనీ వద్దనీ ఇంట్లో ఎవరూ అనలేదు. ఈల ఇంకోసారి మోగింది. వాడు చొక్కా తీసి కాసేపు పట్టుకుని, "అమ్మా, కత్తెరేదీ?" అన్నాడు.

గుండీలు తల్లి కోసేసింది. వాడు చొక్కాని చదరపు ముక్కలుగా కత్తిరించి వేడినీళ్ళలో ఉడకబెట్టాడు. నడుముకు కట్టు కట్టుకుని కూచున్న నాయనమ్మ ఒక్కోటీ పిండి మడతపెట్టింది.

"పొత్తిళ్ళకి బాగుంటాయి. పట్టుకెళ్ళి ఇచ్చిరా."

"నేనా? వాళ్ళు తలుపు తియ్యరే."

"తీసేదాకా నిలబడు."

వాడు తడిగుడ్డలు ఎదకి హత్తుకుని వెళ్ళాడు. మెల్లిగా ఒక్కసారి తలుపు తట్టి, నిలబడ్డాడు.