వంతెన మీద వాన ఏదీ?

"ఆ గ్రెయిన్ తీసిపారెయ్ నాయనా," అన్నాడు ఫోన్లో క్లెమ్ హక్‌స్టెప్. "మొత్తం! పిసరు మిగిలినా సంతకం పెట్టను."

నా నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. ఎనభయ్యారేళ్ల కెమెరామన్ తన సినిమాలో గ్రెయిన్ తీసెయ్యమనడమంటే, వంటవాడు వచ్చి తన కూరలో ఉప్పు తీసెయ్యమన్నట్టే.

"మొత్తమా క్లెమ్ గారూ?"

"మొత్తం. మొహాల మీద మరీ ఘోరం. ఆస్పత్రి నుంచి పారిపోయొచ్చినవాళ్లలా ఉన్నారు ఒక్కొక్కళ్లూ. నేను అట్టా తీయలేదు."

టక్కున పెట్టేశాడు.

నా పేరు డెస్మండ్ యాక్రాయిడ్. మాది ఉత్తరాన బార్న్స్‌లీ. ముప్పై ఏళ్లుగా లండన్లో, సోహోలోని ఒక నేలమాళిగలో పాత సినిమాలకి కొత్త ఊపిరి పోస్తున్నాను. అందులోనూ గూఢచారుల సినిమాలైతే నాకు ప్రాణం. మా ఆవిడ మాత్రం "ఆ వేగులవాళ్లతో నేను వేగలేను" అని పక్కగదిలోకి పోతుంది. ఆ వారం నా బల్ల మీదున్నది 'తడి తాళంచెవి', నలభై మూడేళ్ల కిందటి వేగు సినిమా. శుక్రవారం దాన్ని బ్లూరే ఫ్యాక్టరీకి పంపాలి. అట్ట మీద "తీసినవాడే చూసి మెచ్చిన బొమ్మ" అని అచ్చు వేయాలంటే క్లెమ్ సంతకం కావాలి. అది లేకపోతే డిస్కు మీద ఆయన పేరుండదు, ఊళ్లో మా పరువుండదు.

గ్రెయిన్ అంటే గింజ. ఫిలిం మీద బొమ్మంతా సన్నటి గింజల్లాంటి చుక్కలే. పెద్ద టీవీలో చూస్తే కనీకనపడకుండా చీమల్లా కదులుతుంటాయి. డిస్కులు కొనేవాళ్లలో సగంమంది అది మురికంటారు. మిగతా సగం అదే బొమ్మకి చర్మం అంటారు, అది తీసినవాడి చర్మం ఒలుస్తామంటారు. తీసే మిషన్ మా దగ్గరుంది. మీట పైకి తోస్తే చాలు. గింజల్ని చెరగాలి గాని చెరపకూడదని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేది నేనే. మీటని రెండు దాటి ఎన్నడూ తోయలేదు.

క్లెమ్ కోసం తొమ్మిదికి తోశాను. తీసినవాడే తీసెయ్యమన్నప్పుడు మధ్యలో నేనెవర్ని?

కానీ కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే తెర దగ్గరికి వెళ్లాలనిపించింది, వెళితే పారిపోవాలనిపించింది. బొమ్మలోని మనుషులు నిజంగానే బొమ్మలైపోతున్నారు. హీరో బుగ్గ మీద కత్తిగాటు మాయం. విలన్ మొహం వెన్నముద్ద. నాలుగుసార్లు ఫోన్ తీశాను, నాలుగుసార్లు పెట్టేశాను. మా ఇన్‌ఛార్జి ఫిలిపా గురువారం వచ్చి తొంగిచూసింది.

"నున్నగా ఉందేం?"

"గుండులా ఉంది. ఆయనే అడిగారు."

"ఆయనే అడిగితే సరే. నీకెందుకా గిలగిల?"

గిలగిల కాదు, గింజగింజకీ గుండె కొట్టుకుంటోంది.

శుక్రవారం పదకొండింటికి క్లెమ్ వచ్చాడు. కోటు విప్పలేదు, టీ ముట్టలేదు. పెన్ను మూత తీసి పట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు. నేను కూర్చోలేక వెనకాల పచార్లు చేస్తున్నాను. డిస్కు పట్టుకుపోయే కొరియర్ ఆయన అప్పుడే వచ్చి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడి తనూ చూస్తున్నాడు.

వంతెన సీను వచ్చింది. తెల్లవారుజామున సన్నటి తుంపరలో హీరో గొడుగేసుకుని శత్రువు కోసం కాచుక్కూర్చునే సీను. గొడుగుంది. హీరో ఉన్నాడు. తుంపర లేదు. మిషన్‌కి గింజకీ చినుక్కీ తేడా తెలియదు, రెండూ ఊడ్చిపారేసింది.

క్లెమ్ లేచి నిలబడ్డాడు.

"నా వాన ఏదీ?"

పెన్ను తెర వైపు చాచాడు.

"మూడు రోజులు నిచ్చెనెక్కి అగ్నిమాపకం వాళ్ల గొట్టం పట్టుకుని కురిపించానురా ఆ వాన! జ్వరం కూడా వచ్చింది. ఎండలో గొడుగేసుకున్న పిచ్చోడిలా ఉన్నాడు వాడు! నా పేరు తీసెయ్యండి." పెన్నుకి మూత పెట్టేశాడు.

"గ్రెయిన్ తీసెయ్యమన్నది మీరే కదండీ!" నా గొంతు నాకే కీచుగా వినపడింది.

"అన్నాను! తీశావా? అన్నీ తీశావు, అదొక్కటీ వదిలేశావు! చూడు, ఇంకా కప్పలచెరువులా ఉంది!"

"ఒక్క గింజ కూడా మిగల్లేదు!"

"గింజలేమిట్రా? పావురాలకి మేతేస్తున్నామా ఇక్కడ?"

ఉక్రోషంతో మిషన్ పట్టని మొదటి బొమ్మ వేశాను. వంతెన మీద జల్లు మళ్లీ పడింది. బుగ్గ మీద గాటు తిరిగొచ్చింది. క్లెమ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"అదిగో, నా వాన! కానీ ఆ గ్రెయిన్..." అని తల అడ్డంగా ఊపాడు. "మొహాలు చూడు, కామెర్లు కూడా కాదు, ఇంకేదో రోగం."

ఫిలిపా తెర వంక చూసింది. పాత కాపీ కదా, రంగు పాడై బొమ్మంతా పాకుపట్టినట్టుంది. ఆ పాకు నేను ఆఖర్న దిద్దుదామని వదిలేశాను. ఆమె నెమ్మదిగా తలుపు మీద ఆకుపచ్చగా వెలుగుతున్న బయటికి దారి బోర్డు చూపించింది.

"క్లెమ్ గారూ, అది ఏం రంగు?"

"గ్రెయిన్."

"మరి రొట్టెలకి పిండి ఆడించేదో?"

"గ్రాయిన్. ఏం, బడిలో చేర్పిస్తున్నావా నన్ను?"

"మా అమ్మమ్మది కూడా మీ తూర్పు లండన్ బో పేటే, ఇదే యాస," అని ఫిలిపా కుర్చీలో కూలబడి నవ్వింది. నేను గోడకి ఆనుకున్నాను. పచ్చ తీసెయ్యమంటే పచ్చి తప్పు చేశాను.

పచ్చదనం దిద్దడానికి చక్రం కొంచెం తిప్పితే చాలు. పదినిమిషాల్లో హీరో మొహంలోకి నెత్తురొచ్చింది, నా మొహంలోకి కూడా. వాన వానలాగే ఉంది. క్లెమ్ వంతెన సీను రెండుసార్లు వేయించుకుని చూశాడు, కోటు విప్పాడు, పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు. మొత్తం సినిమాకి ఆ రంగు పట్టించేసరికి సాయంత్రం అవుతుంది, కాబట్టి ఫిలిపా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"ఆలస్యం ఎందుకయింది?" అని అవతలి గొంతు.

"నే చెప్తా," అని క్లెమ్ ముందుకొచ్చాడు. "నేను గ్రెయిన్ అన్నాను, ఈ ఉత్తరాదోడు గ్రాయిన్ అనుకున్నాడు. అంతే!"



"అర్థం కాలేదండీ," అన్నాడు కొరియర్ ఆయన, తలుపు దగ్గర్నుంచి.

"నాకూ," అంది ఫోను.

ఫిలిపా గొంతు సవరించుకుంది. "ఈయన తూర్పు లండన్ మనిషి. ఆ నోట్లో 'గ్రీన్' కాస్తా 'గ్రెయిన్' అయి బయటికొస్తుంది. ఈయన పచ్చరంగు తీసెయ్యమన్నారు. మా డెస్మండ్ గింజలు తీసేశాడు. గింజలతో పాటు వాన కూడా పోయింది. ఇప్పుడు పచ్చ పోయింది, వాన వచ్చింది."

"అదే కదా నేనూ చెప్పింది!" అన్నాడు క్లెమ్.