పోలిక నక్షత్రం

ఆస్ట్రోఫిజిక్స్ డిగ్రీలో చేరితే రోజూ నక్షత్రాలు చూడొచ్చనుకున్నాను. మూడేళ్లలో నేను చూసింది కిటికీ లేని ఒక గది, వరసగా కంప్యూటర్లు, చక్రం ఊడిన కుర్చీలు. మా టెలిస్కోపు ఊరి బయట గుట్టమీద ఉంటుంది. అది తీసిన ఫొటోలు పొద్దున్నే మా గదికి చేరతాయి. వాటిలోని తెల్ల చుక్కమీద మౌసు నొక్కితే ఓ అంకె వస్తుంది, దాన్ని పట్టికలో వేయాలి. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా అమ్మాయి ఆకాశం చదువుతోంది" అని చెప్పుకునేది.

ఒక్క చుక్కనే చూసి దాని వెలుగు తగ్గిందో పెరిగిందో చెప్పలేం. మబ్బు పడితే అన్నీ మసకబారతాయి. అందుకని పక్కనే ఎప్పుడూ మారని నక్షత్రాన్ని ఒకదాన్ని ఎంచుకుని, దానితో పోల్చి చెప్పాలి. దాన్ని పోలిక నక్షత్రం అంటారు. క్లాసులో ఈ పాఠం నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇంట్లో నన్ను పుట్టినప్పటినుంచీ కొలిచింది ఇలాగే. మా పెద్దమ్మ కూతురు పెందలాడే లేస్తుంది, ఆమె పుస్తకాల అట్టలు చిరగవు, ఇంజనీరింగులో ఫస్టు క్లాసు, ఆపైన పెద్ద కంపెనీలో ఉద్యోగం. "అక్కను చూసి నేర్చుకోవే" అనకుండా అమ్మకు పొద్దు గడిచేది కాదు. నాకూ ఫస్టు క్లాసు వస్తేనే ఎమ్మెస్సీ, లేదంటే నాన్న పరుపుల కొట్లో కూర్చోవడమేనని తీర్మానం కూడా అయిపోయింది.

ఆ ఫస్టు క్లాసు నా ప్రాజెక్టు మీద ఆధారపడి ఉంది. ప్రాజెక్టు ప్రొఫెసరును అందరం ధ్రువం గారనేవాళ్లం, ఆయన ఒక మాట అన్నాక కదలరు కాబట్టి. ఆయన పడుచు వయసులో ఒక పోలిక నక్షత్రాన్ని ఎంచుకున్నారు. ఆకాశమంత ఆకాశం ఉండగా, అప్పటినుంచీ ప్రతి బ్యాచ్‌కూ దాని చుట్టుపక్కల నక్షత్రాలే ఇస్తూ వచ్చారు. ఎవరు దేన్ని తీసుకున్నా అది కొన్నాళ్లు మసకబారేది, కొన్నాళ్లు వెలిగేది, మళ్లీ మసకబారేది. అన్నీ ఒకే తాళంలో. ఇన్ని నక్షత్రాలు కూడబలుక్కున్నట్టు ఎందుకు మారుతున్నాయో వివరిస్తూ ఆయన ఒక సిద్ధాంతం రాశారు. అది ఫ్రేము కట్టి వరండా గోడకు వేలాడుతోంది.

నా నక్షత్రమూ బుద్ధిగా అదే తాళం వేసింది. "ఇంక రాసెయ్యమ్మా, ఫస్టు క్లాసు ఖాయం" అన్నారు ధ్రువం గారు. తిన్నగా ఉండొచ్చుగా? ఉండలేకపోయాను. అదే ఫొటోలో మూలనున్న మూడో చుక్కతో పోల్చి చూశాను. గ్రాఫులో నా నక్షత్రం గీత బల్లపరుపుగా వచ్చింది. నాలుగో చుక్కతోనూ అంతే. అంటే వెలుగు మారుతున్నది నా నక్షత్రం కాదు, ధ్రువం గారి పోలిక నక్షత్రం. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వైవాలో చెప్పేశాను.

"ఆ మూడోది మారట్లేదని గ్యారంటీ ఏంటమ్మా?" అన్నారు ధ్రువం గారు.

"నాలుగోదానితో పోల్చాను సార్."

"మరి నాలుగోది?"

"అయిదోదానితో చూశాను సార్."

"ఇలా పోతే అంతెక్కడ? ఎక్కడో ఒకచోట నమ్మాలిగా."

"మీ నక్షత్రాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ దేనితోనూ పోల్చి చూడలేదు సార్."

పక్కనున్న ఇద్దరు ప్రొఫెసర్లూ టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. వాళ్ల పీహెచ్‌డీలు ఆ నక్షత్రం చలవే.

కిందపడ్డా పైచేయి తమదే అనడం పెద్ద చదువుల్లోనూ ఉంది. వారం తిరక్కుండా వరండాలో పాత ఫ్రేము పోయి కొత్త బోర్డు వెలిసింది: "మారే నక్షత్రం ఒక్కదానిపై తరతరాల పరిశీలన, మా విభాగం ప్రత్యేకత." నాకు సెకండు క్లాసు ఇచ్చారు. ఇచ్చిన నక్షత్రాన్ని వదిలేసి వేరేదానిమీద పని చేశానట.

అలా పరుపుల కొట్లో కూర్చున్నాను. నిజం చెప్పినందుకు గర్వమేమీ కలగలేదు, ఒళ్లు మండింది. ఓ మధ్యాహ్నం అక్క వచ్చి, కవరు తీయని పరుపు మీద నా పక్కన కూలబడింది.

"ఉద్యోగం మానేశానే. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"అదేంటి, ఎందుకు?"

"నాకు ఆ పని ఎప్పుడూ నచ్చలేదు. ఇప్పుడు ఆ మాటంటే మా అమ్మ చిన్నప్పటి పాటే మొదలెడుతుంది."

"ఏం పాట?"

"చెల్లిని చూడు, దానికి ఏం కావాలో దానికి తెలుసు, దాన్ని చూసి నేర్చుకో అని."

ఇన్నేళ్లుగా ఇద్దరి ఇళ్లలోనూ ఇదే పాఠం. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. అక్క చెయ్యి పట్టుకున్నాను.

లోపల గల్లా పెట్టె దగ్గరనుంచి అమ్మ కేకేసింది. "అక్క దగ్గర కూర్చున్నావుగా, కాస్త బుద్ధి నేర్చుకో."

"నేర్చుకుంటున్నానమ్మా" అన్నాను, అక్క కాళ్లు చాపుకోవడానికి జరుగుతూ.