దండ వేసే డైరెక్టరు

యాకుత్‌పురా అంజన్ తీసిన సినిమా ఒక్కటే. మూడు వారాలు ఆడిందని ఆయన అంటాడు, మూడు ఆటలని బస్తీ అంటుంది. తర్వాత పదేళ్లుగా సీరియళ్లే. ఇప్పటిది చాంద్రాయణగుట్ట దగ్గర అద్దె బంగళాలో నడుస్తోంది. వెయ్యి ఎపిసోడ్లు దాటిస్తే మళ్లీ సినిమా ఇస్తానని నిర్మాత మాటిచ్చాడు. అప్పటినుంచి అంజన్ అన్నం మెతుకులు కూడా వెయ్యిదాకా లెక్కపెట్టి తింటున్నాడని సెట్లో నవ్వుకునేవారు.

ఆయన దగ్గరొక ప్లాస్టిక్ బంతిపూల దండ ఉండేది. ఏ నటుడు నోరెత్తినా అతని ఫొటోకు ఆ దండ పడేది, పాత్ర పోయేది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కంటే ఆ దండే ఎక్కువ మందిని దాటించింది మరి.

తొమ్మిది వందల అరవయ్యో ఎపిసోడప్పుడు, నాయనమ్మ వేషం వేసే రాజమణి వచ్చి నిలబడింది.

"కంటి ఆపరేషనుంది బిడ్డా. నాలుగొద్దులు సెలవియ్యి."

"నాలుగెందుకమ్మా? మొత్తానికే తీస్కో."

"గట్లనకు. చచ్చే సీనన్న పెట్టు. నలభై ఏండ్ల సంది ఏషాలేస్తున్న."

"ఫొటో ఉంది గదా, నువ్వెందుకు?"

దండ తగిలించే పని అసిస్టెంటు నందినికి చెప్పాడు. ఆ పిల్ల తలెత్తకుండా తగిలించింది.

నాయనమ్మ పోయిన రెండు వారాలకే చూసేవాళ్లు సగమయ్యారు. ఛానెల్‌వాళ్లు రాజమణి ఇంటికి పరుగెత్తి, నాయనమ్మ కవల చెల్లెలిగా రమ్మన్నారు. అంజన్ ఉంటే రానంది. మర్నాటికి అంజన్ కుర్చీలో నందిని కూర్చుంది.

కవల చెల్లెలికి చచ్చిపోయిన మొగుడొకడు కావాలి, గోడకు ఫొటో కావాలి. బయటివాళ్లది పెడితే లొల్లవుతుంది, మనవాళ్లదే పెట్టాలన్నది అంజన్ పెట్టిన నియమమే. ఐదు వందల ఎపిసోడ్ల పండుగలో తలపాగా చుట్టుకుని నవ్విన ఆయన ఫొటో నందినికి దొరికింది.

ఆ ఎపిసోడు టీవీలో వచ్చిన తెల్లవారి పాలుపోసే గుండయ్య, తలుపు తీసిన అంజన్‌ను చూసి క్యాను వదిలేశాడు.

"నువ్వున్నవా అన్నా! టీవీల దండేసిన్రు గదనే! మా ఆడోళ్లు మస్తు ఏడ్సిన్రు. ఇంటిల్లిపాది తలస్నానాలు గూడ జేసినం."

"బతికే ఉన్ననయ్యా!"

"ఏమోనే," అన్నాడు గుండయ్య, ఒలికిన పాల వైపు దిగులుగా చూస్తూ. "గీజరుకు కరెంటు గూడ మస్తు కాలింది."

అంజన్ సెట్‌కు పరుగెత్తాడు. ఆ రోజే వెయ్యో ఎపిసోడు. వాచ్‌మన్ గేటు తీయలేదు. అప్పుడే నల్లద్దాలతో కారు దిగిన రాజమణికి చేతులు జోడించాడు.

"అమ్మా, ఈ ఒక్కటన్న నన్ను తియ్యనియ్యి. నా సినిమా పోతది."

"ఫొటో ఉంది గదా బిడ్డా, నువ్వెందుకు?" గేటులోపలికి వెళ్లి వెనక్కి తిరిగింది. "నాకు ప్లాస్టిక్‌దేసినవ్. నీకు రోజూ అసలు బంతిపూలే తెప్పిస్తున్న. ఫికర్ జెయ్యకు."

లోపల లైట్లు వెలిగాయి. నందిని గొంతు గేటుదాకా వినిపించింది.

"దండ ఇంకొంచెం పెద్దది కట్టుండ్రి. మొఖం కనబడుతున్నది."