టేబుల్ మీద మూడో పవర్ సప్లై

రేడియోలు, స్పీకర్లు బాగుచేసేవాడి టేబుల్ మీద, కావలసినన్ని వోల్టులు ఇచ్చే పవర్ సప్లై ఒకటి ఉండాలి. మా నగరి ఊళ్లో నాలాంటివాళ్లు దాన్ని కొనుక్కుంటారు. నేను చేసుకుందామనుకున్నాను. మొదటిది పొగై పోయింది. రెండోది పోతూ పోతూ ఇంటి ఫ్యూజును కూడా తీసుకుపోయింది.

"మూడోదీ కాలిందంటే ఆ టేబులు నాది. గ్రైండరు పెట్టి దోసెపిండి అమ్ముకుంటా," అంది నా భార్య తాయమ్మ.

సరే అన్నాను. అంతకన్నా ఎక్కువ మాటలు నాకు రావు.

మూడోదానికి పాత యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ వేశాను. వేడి పోవడానికి అల్యూమినియం రేకు బిగించాను. కరెంటు హద్దు దాటితే వోల్టులు తనే తగ్గించుకుని ఎర్రదీపం వెలిగించే ఏర్పాటూ పెట్టాను. భయం కొద్దీ ఆ హద్దును బాగా కిందికి దించాను. తాయమ్మ పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చాక స్విచ్చి వేశాను.

పదిహేను వోల్టులకు తిప్పితే మీటరు ముల్లు నాలుగు దగ్గరే కూర్చుంది. ఎర్రదీపం వెలిగింది. ఏమీ తగిలించకుండానే కరెంటు ఎక్కడికి పోతోంది? విప్పి అతుకులన్నీ మళ్లీ వేశాను. అదే ముల్లు, అదే దీపం.

పక్కింటి గుణశేఖర్ మరమగ్గం ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమన్నా, మూడోదీ పాయనా? వదినా, దోసెపిండి ఎప్పుట్నించి?"

తాయమ్మ నవ్వలేదు. వంగి పవర్ సప్లై పెట్టెనే చూస్తోంది.

"అయ్యయ్యో, ఈడ సూడు! నిమ్మకాయ నురగ కక్కతాండాది!"

అప్పుడు చూశాను. పూజప్పుడు ఆమె పెట్టె ముందువైపున్న ఎరుపు, నలుపు స్క్రూలను కొక్కేలనుకుంది. అటొక ఇనుపతీగ, ఇటొక ఇనుపతీగ గుచ్చి నిమ్మకాయను ఉయ్యాలలా వేలాడదీసింది. మా ఇంట్లో గ్రైండరుకూ నిమ్మకాయే, కుట్టుమిషనుకూ నిమ్మకాయే. రోజూ చూసే కంటికి ఇది ఆనలేదు. వోల్టులు బయటికి వచ్చేది ఆ స్క్రూల నుంచే. కరెంటు కాయ తాగుతోంది; నేను దించిన హద్దుకు ఆ కాస్తే ఎక్కువైంది.

ఒక తీగ విప్పాను. ముల్లు పదిహేనుకు లేచింది. దీపం ఆరింది.

"సూసినావా! దిష్టి పోతానే ముల్లెట్ల లేసిందో!" తాయమ్మ గుణశేఖర్ వైపు తిరిగింది. "దినామూ వచ్చి వచ్చి సూస్తాంటివి గదప్పా. అవేం కండ్లు నాయనా!"

"నేనేం జేస్తి వదినా? నువ్వన్నా సెప్పన్నా!"

చెప్పాలంటే చాలా చెప్పాలి. రెండో తీగ కూడా విప్పి కాయను తాయమ్మ చేతికిచ్చాను.

"గ్రైండరు వరండాలో పెట్టుకుంటాలే," అంది తాయమ్మ నాతో. "ఒగరు కుళ్లుకొనేంత వస్తువు మనింట్లో ఇదొగటే. ఈడ్నే ఉండనీ."

సాయంత్రం గుణశేఖర్ పాడైన స్పీకరు తెచ్చాడు. గుమ్మం దాటలేదు. మొహం వీధివైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు.

"బాగుచెయ్యన్నా. నేను సూడన్లే."