ఇద్దరికీ ఒకే ముక్కు

పీణ్య పారిశ్రామికవాడలో పొద్దున్నే అందరికంటే ముందు పనిలోకి దిగేది ఫ్యాక్టరీ సైరన్ అనుకుంటారు గానీ, కాదు, సొన్నమ్మ ముక్కు. వఠారం గడపలో కూర్చుని ఆమె ఒక్కసారి గాలి పీల్చిందంటే, వీధిలో ఎగిరే ఇనుప రజనూ లారీల పొగా బారులు తీరి ఆ రెండు రంధ్రాల్లోకి నడవాల్సిందే. వదిలిందంటే తెల్లవారుజాము సంపెంగ తోట. ఆ గాలికి పక్కింటి నంజమ్మ అప్పడాలు ఆరబెట్టుకునేది. సాయంత్రం సొన్నమ్మ ముక్కు చీదితే రాలే ఇనుప పొడిని పాతసామాన్లవాడు చాటకెత్తుకుని పోయేవాడు. ఒకసారి తుమ్మితే మెజెస్టిక్ బస్టాండుకు పోవాల్సిన బస్సు వెనక్కి తిరిగి తుమకూరు చేరింది.

ఆ తల్లి కడుపున పుట్టినవాడే బైరప్ప. కుళాయిలకు మెరుగు పెట్టే బఫింగ్ షెడ్డులో అతన్ని మించిన మొనగాడు భూమండలంలో లేడు. అతని చేతిలో మెరిసిన కుళాయిలో ముఖం చూసుకుని ముసలివాళ్లు పెళ్లినాటి నవ్వు నవ్వేవాళ్లు. అయితే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. దుమ్ము లోపలికి పోకూడదని ప్రతివాడూ ముక్కులో దూది కుక్కుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తూ చక్రం ముందు నిలబడేవాడు. పని దిగాక బెల్లం ముక్క నమిలితే మింగిన దుమ్మంతా దిగిపోతుందని నమ్మకం. తొంభైల్లో చేరిన బైరప్ప, రెండువేల సంవత్సరం దాటేసరికి, దూది తీసినా ముక్కుతో పీల్చలేకపోయాడు.

ఇప్పుడు మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. నోరు తెరిచే ఉంటుంది. ఎండి పగిలిన ఆ పెదాల మీద అతని భార్య పుష్పావతి తడిగుడ్డ అద్దుతూనే ఉంటుంది.

"దూది పెట్టుకోమని ఎవరు చెప్పారమ్మా?" అని ఆసుపత్రిలో పుష్పావతిని అడిగింది డాక్టర్ ఛాయాదేవి. "ముక్కు ఉండేదే గాలిని వడగట్టి, తడిపి, వెచ్చబెట్టి పంపడానికి. జల్లెడ పక్కన పడేసి మట్టి నేరుగా రొమ్ములో పోసుకున్నాడు."

"ఇప్పుడైనా ముక్కుతో పీలిస్తే?"

"లోపల కండ పెరిగి మూసుకుపోయింది. కోసి తీద్దామంటే, మత్తుకు తట్టుకునే రొమ్ము కాదిది."

ఇంటికొచ్చి పుష్పావతి అత్త కాళ్లమీద పడింది. "వీధికంతా నీ ముక్కు ఉండాది కదత్తా! నీ కొడుక్కి లేదా?"

"నా గాలి వాడికి పోతానే ఉండాది. నోట్లో పోసుకుంటా ఉండాడే, నిలిస్తే కదా!"

సొన్నమ్మ గడప మానేసి కొడుకు తలాపున చేరింది. వీధి మసిబారింది. "ఏం సొన్నక్కా, నా అప్పడాలు బొగ్గులైపోయెనే!" అని నంజమ్మ కిటికీలోంచి అరిచింది.

"నీ అప్పడాలు నా పొయ్యిలో పెట్ట! ఈడ నా బిడ్డ పోతా ఉండాడు!"

మర్నాడు మధ్యాహ్నం బైరప్ప పెదాలు నేరేడుపండ్లలా నల్లబడ్డాయి. కళ్లు తేలేశాడు. పుష్పావతి గుండెలు బాదుకుంది. సొన్నమ్మ మంచమెక్కి, తన ముక్కు కొడుకు ముక్కుకు ఆనించి, అరచేత్తో వాడి నోరు అదిమిపట్టింది.

"రేయ్ బైరా, నా రొమ్ము నోట్లో పెట్టుకుని పాలు తాగేటప్పుడు దేంతో పీల్చినావురా? దాంతో పీల్చు!"

బైరప్ప కాళ్లు తన్నుకున్నాయి. "చచ్చిపోతాడత్తా, చెయ్యి తియ్యి!" అని పుష్పావతి ఆ చెయ్యి పట్టుకుని లాగింది. బస్సుల్ని తిప్పిన మనిషి, ఆ చెయ్యి కదిలితేనా! లాగి లాగి పుష్పావతి గోళ్లు విరిగాయి. ఉన్నట్టుండి బైరప్ప ముక్కులోంచి సన్నటి ఈల వినిపించింది. రొమ్ము లేచింది. దిగింది. మళ్లీ లేచింది. గదంతా సంపెంగ వాసన.

ఆ వారమంతా అతను నోరు మూసుకుని, వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఒక సాయంత్రం పుష్పావతి వాకిట్లో బట్టలు తీస్తుంటే లోపల్నుంచి కేకేశాడు.

"పుష్పా! పాలు మాడతా ఉండాయే!"

ఎన్నేళ్లయింది ఆయనకు వాసన తెలిసి! పుష్పావతి నవ్వుతూ, ఏడుస్తూ వంటింట్లోకి పరుగెత్తింది. పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు నల్లగా కమిలిపోయింది. ఆ పొయ్యికి వీపు పెట్టి, జానెడు దూరంలో, సొన్నమ్మ అనపకాయలు ఒలుస్తోంది. నోరు తెరిచి ఉంది. పెదాల మీద సన్నగా ఇనుప రజను.

"ఏమే," అంది, మధ్యలో ఆగి నోటితో గాలి మింగి, "ఎందుకట్ల పరిగెత్తుకోని వస్తివి?"