పక్క సీటు

మేరీరాణి విమానం నడిపి పదిహేడు రోజులైంది. అయినా రోజూ ఉదయం హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కి శిక్షణ మైదానానికి వెళ్తూనే ఉంది. తోటివాళ్ళు ఒక్కొక్కరే పైకి లేస్తుంటే హ్యాంగర్ నీడలో నిలబడి, మెడ నొప్పెట్టేదాకా చూసి తిరిగొస్తోంది.

పదిహేడు రోజుల కిందట, చివరిసారి నడిపిన రోజు, విమానం ఒంటరిగా ఎక్కింది. అంతకుముందు నడిపినతను దిగేటప్పుడు సీటు పక్కనున్న ట్రిమ్ చక్రాన్ని విమానం ముక్కు పైకెత్తే వైపు తిప్పి, అలాగే వదిలేశాడు. ఎగిరేముందు దాన్ని మళ్ళీ గుర్తు దగ్గరికి తేవాలి. తనిఖీ జాబితాలో ఆ మాట చదివి టిక్కు పెట్టింది. కళ్ళు మాత్రం రన్‌వే మీదే ఉన్నాయి.

చక్రాలు నేల వదలగానే ముక్కు దానంతటదే పైకి నిక్కింది. వేగం పడిపోయింది. హెచ్చరిక హారన్ కూత పెట్టింది. నడిపే కాడిని రెండు చేతులతో ముందుకు తోస్తే ఎదురు తన్నింది. పళ్ళు బిగించి, ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో ట్రిమ్ చక్రం తిప్పింది. తాటిచెట్ల తలలు ఇక తగులుతాయనగా ముక్కు దిగింది.

నేల మీదికొచ్చాక శిక్షకుడు అడిగాడు. "ముందు నడిపినవాడి తప్పా?"

"కాదు సర్. నేను చూడలేదు. చూసినట్టు టిక్కు పెట్టాను."

ఆ మాటతోనే ఆమెను ఎగరనివ్వడం ఆపేశారు.

ఇంట్లో నాన్న త్యాగరాజు, రేవులో క్రేన్ నడిపే మనిషి, అన్నం ముందు కూర్చుని అడిగాడు. "ఏటమ్మా, బయమేసిందా?"

"ఏసింది నాన్నా. అయినా పైకెల్లాలనే ఉంది. కూకున్నా, నిల్చున్నా అదే."

"నాను ఓపాలి కొక్కెం సూడకుండా బరువెత్తీసినాను. కింద మనుసులున్నారు. ఆ రోజు కాడ్నించీ దిగి, సేత్తో తడిమితే గానీ ఎత్తను. నీ ఆశ మంచిదే. సెయ్యి కూడా దాని ఎంట ఉండాల."

ఇరవై మూడో రోజు శిక్షకుడు పిలిచాడు. తానే పక్కన కూర్చున్నాడు. మేరీరాణి ట్రిమ్ చక్రం మీద చెయ్యి వేసి, గుర్తు చూసి, జాబితా పైకి చదివింది. విమానం చెప్పినట్టు లేచింది. కింద హుగ్లీ మీద పడవలు, వాటి పక్కన రేవు. గుండె నిండినట్టే ఉంది, కానీ పూర్తిగా నిండలేదు.

దిగాక అడిగింది. "ఒంటరిగా ఎప్పుడు సర్?"

"ఇంకా కొన్నాళ్ళు."

తల ఊపింది. బస్సు వచ్చినా ఎక్కలేదు. గాల్లో ఇంకో విమానం మలుపు తిరుగుతోంది. తోటివాడొకడు దాన్ని ఒంటరిగా నడుపుతున్నాడు, పక్క సీటు ఖాళీ. అది చుక్కయ్యేదాకా చూస్తూ నిలబడింది.