రెండు రింగుల ఫోన్

మా రూప మందులు ఆపించింది నేనే. ఈ మాట ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటే మా గల్లీల కొంతమంది ఇప్పటికీ ఆస్పత్రోళ్లను తిడ్తున్నరు. వాళ్లను తిట్టి ఏం లాభం, కన్నతల్లి ఇంట్లనే ఉండె కదా.

గౌలిపురల మాకు నాలుగు బర్రెలున్నయి. మా అత్త కాలం నుంచి పాలు పోసేటోళ్లం. మా ఆయన పోయినంక ఇల్లు, కొట్టం, బిడ్డ, అన్నీ నా మీదనే పడ్డయి. ఈ లీలమ్మ నోటికి జడిసి ఎవరూ ఎదురు మాట్లాడరని గల్లీల నాకు పేరు. గా నోరు అక్కరకొచ్చే రోజున మాత్రం లేవలే.

రూప డిగ్రీ రెండో ఏడు. మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే దవాఖానకు తీస్కపోయిన. తెమడ పరీక్ష చేసి టీబీ అన్నరు. ఆరు నెలలు గోలీలు మింగితే పూర్తిగ పోతది, ఫికర్ చెయ్యకు అని డాక్టర్ సారు చెప్పిండు. నాకైతే బిడ్డ ఫికర్ కన్నా ముందు ఇంకో ఫికర్ పట్టింది. చెప్పుకోవాలంటే సిగ్గైతది. పాలు పోసే ఇంట్ల టీబీ అంటే రేపు పొద్దున మా గడపకు చెంబు పట్టుకొని ఎవరొస్తరు?

మా దిక్కు ఆశా వర్కర్ షారోన్. మంచి పిల్ల. "రోజు నేనే వచ్చి మింగిపిస్త ఆంటీ" అన్నది.

"వద్దు బిడ్డా. నువ్వు ఆ సంచి ఏసుకొని మా ఇంట్లకు రోజు వస్తే గల్లీ మొత్తం అడుగుతది" అన్న.

అప్పుడు షారోన్ ఫోన్ సంగతి చెప్పింది. అట్ట మీద గోలి వొత్తితే దాని వెనక ఒక నంబరు కనబడ్తది. ఆ నంబరుకు ఫోన్ కొట్టి రెండు రింగులు కాంగనే పెట్టెయ్యాలె. గోలి మింగినట్టు వాళ్ల కంప్యూటర్ల పడ్తది. ఫోన్ రాకపోతేనే షారోన్ ఇంటికొస్తది. నా పానం కుదుటపడ్డది.

రెండు నెలలు రూప బుద్ధిగ మింగింది. మింగినంక కడుపుల తిప్పి వాంతి చేసుకునేది. దగ్గు పోయింది, మళ్ల పరీక్ష చేస్తే తెమడ సాఫ్ అన్నరు. గానీ ఇంకా నాలుగు నెలలు మింగాలన్నరు.

గప్పుడే లలితమ్మ అడిగింది. మా మూడిండ్ల అవతల ఉంటది, ఇరవై ఏండ్ల నుంచి మా పాలే పోయించుకుంటది. చెంబు పట్టుకొని నిలబడి, "ఏందే లీలమ్మా, పిల్ల గట్ల చిక్కిపోయింది? పొద్దున్నే వాంతుల సప్పుడు ఇనబడ్తుంది" అన్నది. అరగనట్టుంది అని ఏదో చెప్పి పంపిన. తెల్లారి లలితమ్మ పాలకు రాలే. ఆ తర్వాత రోజు గూడ రాలే.

తెలిసిపోయింది, ఇగ ఒక్కొక్కరే మానేస్తరు అనుకున్న. ఎందుకు రాలేవని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోతుండె. అడగలే. ఆ పొద్దు ఇంట్లకొచ్చి రూపతోని చెప్పిన, "డాక్టర్ సారు ఫోన్ చేసిండు. నీకు మొత్తం తగ్గిందట, గోలీలు ఇగ చాలు."

రూప నా మెడ పట్టుకొని నవ్వింది. "సచ్చి బతికిన అమ్మా, ఇగ కడుపు నిండ తింట" అన్నది.

మూడో రోజు లలితమ్మ వచ్చింది. సైదాబాద్ల బిడ్డ ఇంటికి పోయినమని చెప్పింది. అప్పుడన్నా నాకు బుద్ధి రావాలె. రాలే. వాంతులు ఆగినయి, అడిగేటోళ్లు ఆగిండ్రు, గదే మంచిగుంది అనుకున్న.

నాలుగు నెలలు నేను చేసిన పని ఇది. పొద్దున పాలు పిండుడు, రూప చూడకుండ గోలీలు వొత్తుడు, ఫోన్ కొట్టుడు, రెండు రింగులు కాంగనే పెట్టేసుడు, గోలీలు మురికినీళ్ల మోరీల ఏసుడు. నెల కాంగనే పోయి కొత్త అట్టలు నేనే తెచ్చిన. ఒకసారి షారోన్ బజార్ల కలిసి, "రూప ఒక్క రోజు గూడ తప్పలే ఆంటీ, మస్తు చూసుకుంటున్నవ్" అన్నది. నేను సిగ్గులేక నవ్విన.

కోర్సు అయిపోయిందని షారోన్ చెప్పిన నెలలనే దగ్గు మళ్ల మొదలైంది. నేను రెండు నెలలు మిరియాల పాలు తాగిపిచ్చిన. కాలేజీల రూప నెత్తురు కక్కితే దోస్తులు ఆటోల ఆస్పత్రికి తెచ్చిండ్రు.

పెద్దాస్పత్రిల డాక్టర్ కంప్యూటర్ చూసి పరేషాన్ అయిండు. "ఆరు నెలలు ఒక్క గోలి తప్పలే. మరి మందు ఎందుకు పనిచెయ్యలే?"

రూప మెల్లగ అన్నది, "లేదు సార్, రెండు నెలలే మింగిన. మా దవాఖాన సారే చాలని ఫోన్ చేసిండంట గదా."

డాక్టర్ నా దిక్కు చూసిండు. తర్వాత రూప చూసింది. మధ్యల ఆపితే రోగం మొండిదైతదని, ఎడమ దిక్కు ఊపిరితిత్తి సగం పాడైందని, ఇగ గట్టి మందులు ఏడాదికి పైనే వాడాలని ఆయన చెప్పుకుంట పోయిండు.

లలితమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొని చూడనీకి వచ్చింది. బయట వరండాల కూసుండబెట్టి మొత్తం చెప్పేసిన. ఆమె కొంగు మడిచి ఇప్పుకుంట అన్నది.

"ఆ రెండు రోజులు నేను బిడ్డ ఇంటికి పోలే లీలమ్మా. మా ఆయనను ఇదే ఆస్పత్రికి తెచ్చిన. ఆయనకు గూడ ఇదే. అవే గోలీలు, ఆరు నెలలు మింగిండు, మంచిగైండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"తెలిస్తే నువ్వు మా చెంబుల పాలు పొయ్యవని భయమైంది" అన్నది.

ఇద్దరం ఏడ్చినం. ఏడిస్తే ఏమొస్తది.

ఇప్పుడు షారోన్ రోజు సంచి ఏసుకొని మా ఇంటికే వస్తది. గల్లీ మొత్తం చూస్తది. పాలు మానేసింది ఇద్దరంటే ఇద్దరు. గింతదానికేనా నేను గంత చేసింది అని రోజూ అనుకుంట.

నిన్న షారోన్ రానీకి ఆలస్యమైంది. నేను గోలీలు వొత్తి, చేతుల పట్టుకొని, నీళ్ల గ్లాసు తీస్కొని రూప దగ్గరకు పోయిన. రూప నా చెయ్యి దిక్కు చూసింది గానీ గోలీలు అందుకోలే.

"ఆడ పెట్టు. షారోన్ అక్క వచ్చినంక ఆమెను అడిగి మింగుత" అన్నది.

ఆడ పెట్టి కొట్టంలకు పోయిన.